వైజాగ్ మేడ మీద బ్లాక్ రాస్ప్‌బెర్రీ కాస్తుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. మీ అమ్మాయి ఒహాయోలో ఉంటుందనీ, పోయిన జూన్ ఆఖర్లో అక్కడ ఒక తోటలో మీ చేత్తో కోసుకుని తిన్న నల్ల రాస్ప్‌బెర్రీ రుచి ఇంకా నాలుక మీదే ఉందనీ రాశారు. ఆ మొక్కని మధురవాడలో మీ మేడ మీద పెంచాలని ఉంది. ఆన్‌లైన్‌లో ఒకచోట 650 రూపాయలకి 'బ్లాక్ రాస్ప్‌బెర్రీ' మొక్క కనిపించింది. అది కొననా, లేక అమ్మాయి వచ్చేటప్పుడు అక్కడి నుంచే కొమ్మో గింజలో తెమ్మననా అని అడిగారు.

రెండూ వద్దు. అసలైన బ్లాక్ రాస్ప్‌బెర్రీ మన ఊళ్లో కొన్నాళ్లు బతుకుతుంది, ఆకు వేస్తుంది, తీగ సాగుతుంది. కాయ మాత్రం కాయదు. అది మీ చేతి లోపం కాదు, మట్టి లోపమూ కాదు. దానికి కావలసిన చలికాలం విశాఖపట్నంలో లేదు, అంతే. అయితే దాని దగ్గరి చుట్టం ఒకటి మన దేశంలోనే ఉంది. అదీ నల్లగానే పండుతుంది, కోస్తే అదీ టోపీలా బోలుగా ఊడి చేతిలోకి వస్తుంది. పెదవాల్తేరులో మా మేడ మీద ఆరేళ్లుగా దాన్ని కాయిస్తున్నాను. జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. ఈ మొక్క పేరు మీద డబ్బు ఒక్కటే కాదు, రెండు మూడేళ్ల ఎదురుచూపు కూడా పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో నేనూ ఉన్నాను.

ముందు అది ఇక్కడ ఎందుకు కాయదో చెప్తాను. మీరు తిన్నది రూబస్ ఆక్సిడెంటాలిస్. ఉత్తర అమెరికా తూర్పు భాగం దాని పుట్టిల్లు. మీరు చెప్పిన 'జ్యూయెల్' రకం 1973లో న్యూయార్క్ రాష్ట్రంలో విడుదలైంది. 1934 నాటి 'బ్రిస్టల్' కూడా అక్కడిదే. ఇవన్నీ మంచు కురిసే ఊళ్ల కోసం పుట్టిన రకాలు. ఈ మొక్కకి వేరు చాలా ఏళ్లు బతుకుతుంది కానీ పైన తీగకి ఆయుష్షు రెండేళ్లే. మొదటి ఏడు తీగ ఎదుగుతుంది, రెండో ఏడు ఆ తీగే పూసి, కాసి, ఎండిపోతుంది. ఈ రెండేళ్ల మధ్యలో ఒక చలికాలం గడవాలి. ఆకులు రాలి, మొగ్గలు నిద్రపోవాలి. సుమారు ఏడు డిగ్రీల లోపు చలి వందల గంటల పాటు తగిలితేనే ఆ నిద్ర తీరుతుంది. రకాన్ని బట్టి తేడా ఉంటుంది గానీ చాలావాటికి 800 గంటల పైమాటే. మన దగ్గర జనవరి తెల్లవారుజామున కూడా పాదరసం 17, 18 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అంటే మనం ఇవ్వగలిగేది సున్నా గంటలు. మొగ్గ నిద్ర లేవదు, లేచినా ఆకు వేస్తుంది తప్ప పువ్వు పెట్టదు.

కుండీలో ఐసు ముక్కలు వేస్తే సరిపోతుందని వీడియోల్లో చెప్తున్నారు, మీకూ కనిపించే ఉంటుంది. చలి తగలాల్సింది వేరుకి కాదు, తీగ మీదున్న మొగ్గకి. 800 గంటలంటే ఏకబిగిన 33 రోజులు. పూలు నిల్వచేసే కోల్డ్ రూమ్ ఎవరిదైనా దొరికి, కుండీతో సహా అక్కడ నెల పైగా ఉంచినా, బయటికి తీసేసరికి ఫిబ్రవరి ఎండ ఉంటుంది. ఆ పూతా పిందే చల్లటి వసంతం కోసం తయారైనవి. మన మార్చి, ఏప్రిల్ ఉక్కపోతకి నిలవవు.

మరి లంబసింగి సంగతేంటని మీరు అడగకముందే చెప్తాను, ఈ మాట ప్రతిసారీ వస్తుంది. లంబసింగిలో కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి పోతుంది, నిజమే. స్ట్రాబెర్రీ పండిస్తున్నారు, అదీ నిజమే. కానీ స్ట్రాబెర్రీకి ఇంత చలి అక్కర్లేదు. పైగా అక్కడ తెల్లారేసరికి ఎంత చలి ఉన్నా మధ్యాహ్నానికి ఎండ ఎక్కుతుంది. పగటి వేడి రాత్రి చలిని చాలావరకు చెరిపేస్తుంది. ఒహాయోలో అలా కాదు, నెలల తరబడి పగలూ రాత్రీ ఒకటే చలి. ఇంకో మాట. చింతపల్లి, అరకు వైపు చిన్న ముక్క కొని ఇలాంటివి పెంచుదామని అనుకునేవాళ్లు, అది ఏజెన్సీ అని గుర్తుపెట్టుకోవాలి. 1/70 చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు.

అమ్మాయిని తెమ్మనడం విషయానికొస్తే, దయచేసి ఆ పని చేయించకండి. మొక్కలు, కొమ్మలు, విత్తనాలు విదేశాల నుంచి తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం ముందుగా అనుమతీ, అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య పత్రమూ ఉండాలి. సూట్‌కేసులో చీర మడతల మధ్య పెట్టి తెచ్చిన ఒక్క కొమ్మతో పాటు ఏ వైరస్, ఏ శిలీంధ్రం దిగుతుందో మనకి తెలియదు. మన దగ్గర ద్రాక్ష, టమాటా, గులాబీ వేసుకుని బతికే రైతులు ఉన్నారు. ఒకవేళ గింజలు వచ్చాయనుకోండి, వాటి పెంకు రాయిలా ఉంటుంది. తడి ఇసుకలో కలిపి నెలల తరబడి ఫ్రిజ్‌లో ఉంచితే గానీ మొలకెత్తవు. మొలిచినా తల్లి మొక్క గుణం రాదు. ఇన్ని చేశాక కూడా చలి సమస్య అక్కడే ఉంటుంది.

ఇక ఆ 650 రూపాయల మొక్క. దాని ఫోటో మీరు పెట్టలేదు కాబట్టి అది ఏమిటో నేను చెప్పలేను. కానీ గుర్తుపట్టే పద్ధతి చెప్పగలను, చాలా తేలిక. మొదట ఆకు చూడండి. ఒకే ఆకు, గుండె ఆకారంలోనో చీలికలతోనో ఉండి, తుంచితే పాలు కారితే అది మల్బరీ. ముల్లు ఉండదు. రాస్ప్‌బెర్రీ జాతిలో ఒక కాడకి మూడు నుంచి తొమ్మిది దాకా చిన్నాకులు ఉంటాయి, గులాబీ ఆకు లాగా. అంచులు రంపంలా ఉంటాయి, ఆకు తిప్పితే అడుగున తెల్లగా ఉంటుంది, కాడకీ తీగకీ ముళ్లు ఉంటాయి. అమెరికా నల్ల రాస్ప్‌బెర్రీకి ఎక్కువగా మూడు చిన్నాకులు, పువ్వు తెల్లగా. మన దేశపుదానికి అయిదు నుంచి తొమ్మిది చిన్నాకులు, పువ్వు ముదురు గులాబీ రంగు. బ్లాక్‌బెర్రీ వేరే. దాని పండు కోస్తే మధ్యలో తెల్లటి దిండు పండుతోనే వచ్చేస్తుంది. రాస్ప్‌బెర్రీ అయితే ఆ దిండు మొక్కకే ఉండిపోయి, పండు వేలికి తొడుక్కునే అంగుస్తానులా బోలుగా వస్తుంది.

ఇదంతా నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది. తొమ్మిదేళ్ల కిందట ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర 'బ్లాక్ రాస్ప్‌బెర్రీ, గ్రాఫ్టెడ్' అన్న చీటీ చూసి కొన్నాను. రెండేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నాను. మా మనవడికి పుట్టినరోజుకి ఆ పండే పెడతానని మాటిచ్చాను. తీరా కాసింది మల్బరీ. మల్బరీ మంచి పండే, దాని గురించి కిందకి చెప్తాను. కానీ ఏడేళ్ల పిల్లాడు ఆ రోజు నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. ఆ అమ్మకందారుకి రాస్తే జవాబు రాలేదు. అప్పటి నుంచే ఈ జాతి మొక్కల గురించి తిరిగి తిరిగి తెలుసుకున్నాను. అందుకే ఎవరు అడిగినా మొదట ఆకు ఫోటో పంపమంటాను.

సరే, అసలు సంగతి. మనకి కావలసింది రూబస్ నివియస్. మైసూర్ రాస్ప్‌బెర్రీ అనీ, కొండ రాస్ప్‌బెర్రీ అనీ అంటారు. నివియస్ అంటే లాటిన్‌లో మంచులాంటిది అని. మంచు ప్రాంతపు మొక్క అని కాదు, తీగ మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర ఉంటుంది, ఆకు అడుగూ తెల్లగా ఉంటుంది, ఆ తెలుపుని బట్టే ఆ పేరు. హిమాలయాల దిగువ నుంచి పడమటి కనుమల దాకా కొండల్లో దానంతట అదే పెరుగుతుంది. దీనికి కాపు రావడానికి అంత చలి అక్కర్లేదు. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న దక్షిణ ఫ్లోరిడాలో కూడా ఇళ్లల్లో కాయించుకుంటున్నారు. అది చదివాకే నాకు ధైర్యం వచ్చింది. కాయ మొదట ఆకుపచ్చ, తర్వాత ఎరుపు, చివరికి ఊదా నలుపు. పైన సన్నటి నూగు ఉంటుంది. మీరు ఒహాయోలో తిన్నదానికంటే చిన్నది, పులుపు కొంచెం తక్కువ, వాసన కూడా కొంచెం తక్కువ. అదే రుచి అని చెప్పి మిమ్మల్ని ఆశపెట్టను. కళ్లు మూసుకుని తింటే ఇద్దరూ అక్కాచెల్లెళ్లని మాత్రం తెలుస్తుంది.

ఇది కొండ మొక్క, మనది సముద్రపు ఒడ్డు. కొండల్లో కాసినంత ఇక్కడ కాయదు. నా రెండు మొక్కలకి మంచి వారంలో రోజుకి రెండు గుప్పెళ్లు, మామూలు రోజుల్లో ఇంట్లో తలా నాలుగు పళ్లు. జామ్ పట్టేంత కావాలంటే మీకు నిరాశే మిగులుతుంది. మొక్క కొనేముందే ఈ లెక్క చూసుకోండి.

మొక్క ఎక్కడ దొరుకుతుందంటే, కూర్గు, నీలగిరి వైపు ఎవరైనా వెళ్తుంటే అక్కడి ఇళ్లల్లో, చిన్న నర్సరీల్లో అడగమనండి. కడియం నర్సరీల్లో కూడా అడగొచ్చు, కానీ చీటీ చూసి కాదు, నేను చెప్పిన ఆకు గుర్తులు చూసి తీసుకోండి. ముళ్లు వెనక్కి కొక్కెంలా వంగి ఉంటాయి. తీగని వేలితో రుద్దితే తెల్లపొర చేతికి అంటి, అడుగున ఊదా రంగు కనిపిస్తుంది.

మీది పడమటి వైపు మేడ అన్నారు. అది ఒక్కటే నాకు ఇబ్బందిగా ఉంది. ఈ మొక్కకి పొద్దుటి ఎండ కావాలి, మధ్యాహ్నం మూడు గంటల ఎండ పనికిరాదు. మీ వాటర్ ట్యాంకుకి తూర్పు పక్కన చోటుంటే అక్కడ పెట్టండి, ట్యాంకు నీడే కాపాడుతుంది. ఇంటి వెనక ఖాళీ జాగా కూడా ఉందని రాశారు కదా, నన్నడిగితే మేడ కంటే అదే మేలు. నేల మేడంత వేడెక్కదు, వేరు చల్లగా ఉంటుంది. అయితే ఆ జాగాలో అంతకుముందు వంకాయ, టమాటా, మిరప వేసి ఉంటే ఇంకో చోటు చూడండి. వాటికి వచ్చే వెర్టిసిలియం ఎండు తెగులు మట్టిలో ఏళ్ల తరబడి ఉండి రాస్ప్‌బెర్రీ జాతిని కూడా పట్టుకుంటుంది.

మేడ మీదైతే చిన్న కుండీలతో కుదరదు. 200 లీటర్ల డ్రమ్ముని అడ్డంగా కోసిన సగం, ఒక్కో మొక్కకి ఒకటి. అడుగున వేలు పట్టేంత కన్నాలు ఎనిమిదైనా ఉండాలి. దీని వేరు నీళ్లలో రెండు రోజులు నానితే కుళ్లుతుంది. మట్టి కలపడం: ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన గత్తం (పశువుల ఎరువు) గానీ వర్మీ కంపోస్టు గానీ ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, ఏటి ఇసుక అర పాలు, పైన రెండు దోసిళ్ల వేపపిండి. ఇసుక ఏటిదే కావాలి. మన ఊళ్లో బీచ్ నుంచి సంచీలో తెచ్చేసుకుంటారు, అందులో ఉప్పు ఉంటుంది. కొబ్బరి పొట్టులో కూడా ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు నీళ్లు మార్చి పిండి వాడండి.

ఈ ఉప్పు విషయం నేను కావాలనే రెండుసార్లు చెప్తున్నాను. విశాఖలో ఈ మొక్కని చంపేది ఎండ కంటే ఉప్పే. నా మొదటి మొక్క అలాగే పోయింది. ఆకు అంచులు కాలినట్టు గోధుమ రంగులోకి మారాయి, ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పోశాను. ఎంత పోస్తే అంత మాడింది. చివరికి మా బోరు నీళ్లు గిన్నెలో మరిగిస్తే అడుగున తెల్లటి పొర చూసి అర్థమైంది. మధురవాడలో మీ బోరు ఎలా ఉందో నాకు తెలియదు, ఋషికొండ వైపు వెళ్లేకొద్దీ తేడా ఉంటుంది. పప్పు సరిగ్గా ఉడకని నీళ్లయితే మొక్కకీ పోయకండి. కుళాయి నీళ్లు ఒక రాత్రి బకెట్లో ఉంచి పోయండి. వాన నీళ్లు పట్టుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. నేను వేసవిలో ఏసీ పైపు కింద బకెట్ పెడతాను. ఆ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, రెండు డ్రమ్ములకి సరిపోతాయి. నెలకొకసారి డ్రమ్ము కన్నాల్లోంచి ధారగా కారేదాకా మంచినీళ్లు పోసి, పేరుకున్న ఉప్పుని కడిగేయాలి.

కొత్త ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. ఈ మొక్క కాస్త పులుపు, అంటే ఆమ్ల గుణమున్న మట్టిని ఇష్టపడుతుంది, పీహెచ్ ఆరు దగ్గర. మన నీళ్లు క్షారం వైపు ఉంటే ఇనుము మట్టిలో ఉన్నా అందదు. లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వారం ఆగి మళ్లీ ఒకసారి. నిమ్మచెట్లకి రైతులు కొట్టేది ఇదే.

నాటడానికి మృగశిర కార్తె దాటి నాలుగు మంచి వానలు పడ్డాక, జూలైలో అయితే బాగుంటుంది. ఆ ఏడంతా తీగ పెంచడమే పని. మొక్క మీద ప్రేమ ఉన్నవాళ్లకి కత్తెర పట్టడం కష్టం, నాకు తెలుసు. కానీ ఈ జాతిలో కాపంతా కత్తెరలోనే ఉంది. కొత్త తీగ మీ నడుము ఎత్తు దాటి, సుమారు మూడడుగులు వచ్చాక, కొస నాలుగు వేళ్లంత తుంచేయండి. అప్పుడు పక్క కొమ్మలు వస్తాయి, పూత వచ్చేది వాటి మీదే. తుంచకుండా వదిలేస్తే తీగ పదడుగులు పరుగెత్తి, వంగి, పిట్టగోడ దాటి పక్కింటి వాళ్ల బట్టల తీగ అందుకుంటుంది, ఎక్కడో కొసన నాలుగు పువ్వులు పెడుతుంది. మొక్కకి అయిదారు తీగలకి మించి ఉంచకండి. మిగతావి నేల మట్టానికి కోసేయండి. రెండు ఇనుప రాడ్లు పాతి, మోకాలి ఎత్తులో ఒకటి, ఛాతీ ఎత్తులో ఒకటి జీఐ తీగ లాగి, వాటికి గుడ్డ పీలికలతో వదులుగా కట్టండి. చేతులకి తోలు తొడుగులు తప్పనిసరి. ఆ కొక్కెం ముల్లు గుచ్చుకుంటే లాగినకొద్దీ చీరుతుంది. చేతిని ముందుకి తోసి విడిపించుకోవాలి.

నా దగ్గర పూత సంక్రాంతి అటూ ఇటూగా మొదలవుతుంది. వేరే మొక్క తోడు అక్కర్లేదు, దాని పువ్వుకి దాని పుప్పొడే చాలు, తేనెటీగలు వస్తే పండు నిండుగా కడుతుంది. శివరాత్రి నాటికి మొదటి పళ్లు, ఉగాది దాటాక తగ్గిపోతాయి. ఎర్రగా ఉన్నప్పుడు కోయకండి, కోశాక పండే రకం కాదు ఇది. పూర్తిగా నల్లబడి, రెండు వేళ్లతో తాకితే చాలు ఊడి వచ్చేటప్పుడే కోయాలి, అదీ పొద్దున్న ఎండ ఎక్కకముందు. ఫ్రిజ్‌లో కూడా రెండో రోజుకి మెత్తబడిపోతుంది. కడిగి దాచకండి, తినేముందే కడగండి.

పికిలిపిట్టలు మీకంటే ముందే వస్తాయి. మొదటి కాయ ఎరుపు తిరగగానే వల కప్పాలి. వల మొక్కని ఆనుకోకుండా కర్రల మీద ఎత్తుగా ఉండాలి, లేకపోతే పిట్ట కాలు చిక్కుకుని చచ్చిపోతుంది. నాకు ఒకసారి అలా జరిగింది, ఆ ఏడు వల తీసేసి పళ్లన్నీ వాటికే వదిలేశాను. పిట్టలు తిని వేసిన గింజ ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. హవాయి, గాలాపాగోస్ దీవుల్లో ఇదే మొక్క అడవుల్లోకి పాకి పెద్ద బెడద అయింది. మన దేశపు మొక్కే అయినా, మీ వెనక జాగాలో మొలిచిన పిల్లలని వేలెడు ఉన్నప్పుడే పీకేయండి.

కాపు అయిపోగానే కాసిన తీగలన్నీ మొదలుకంటా కోసేయాలి. అవి ఎలాగూ ఎండిపోతాయి. వాటిని అలాగే వదిలేస్తే తెగుళ్లకి గూడు అవుతాయి. ఊదా అంచుతో బూడిద మచ్చలున్న తీగ కనిపిస్తే కంపోస్టులో వేయకండి, కాల్చేయండి. అదే సమయంలో అడుగు నుంచి కొత్త తీగలు వస్తుంటాయి, వచ్చే ఏటి కాపు వాటిదే. అప్పుడు ఒక్కో డ్రమ్ముకి రెండు దోసిళ్ల గత్తం, గుప్పెడు వేపపిండి. యూరియా వద్దు, ఆకు పెరిగి పిండినల్లి పడుతుంది. పిండినల్లి వస్తే లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి ఆకు అడుగున తగిలేలా కొట్టండి, సాయంత్రమే.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మరీ ముఖ్యంగా రోహిణి కార్తెలో, మొక్కని కాయించడం గురించి కాదు, బతికించడం గురించి ఆలోచించాలి. యాభై శాతం షేడ్ నెట్, మట్టి మీద నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులు, డ్రమ్ముకి చుట్టూ తడి గోనెపట్టా. పొద్దున్నా సాయంత్రం వేలు గుచ్చి తడి చూసి నీళ్లు. ఆకులు సగం రాలినా భయపడకండి, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది.

అక్టోబరు, నవంబరు గాలివానలు ఇంకో గండం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఏ మేడ మీదా ఏమీ మిగల్లేదు, మీకూ గుర్తుండే ఉంటుంది. తుపాను హెచ్చరిక రాగానే తీగలని కట్లు విప్పి, నెమ్మదిగా వంచి, డ్రమ్ముకి చుట్టి తాడుతో కట్టేస్తాను. గాలికి ఎదురు నిలబడితే విరుగుతాయి, పడుకుంటే బతుకుతాయి. వాన వెలిశాక ఆకుల మీద ఉప్పు గాలి తేమ ఉంటుంది, మంచినీళ్లతో ఒకసారి కడిగేయండి.

మీకు రుచి కంటే నల్లటి పళ్లు ఇంట్లో కాయడమే ముఖ్యమైతే, అప్పుడు మల్బరీయే. అది మన ఊరి ఎండకి, గాలికి, కొంచెం ఉప్పు నీళ్లకి కూడా ఓర్చుకుంటుంది. పెన్సిలంత లావు కొమ్మ, నాలుగు కణుపులు ఉండేలా కోసి వానాకాలంలో గుచ్చితే వేరు పట్టేస్తుంది. కొమ్మలు కత్తిరించి, ఉన్న ఆకులు దూసేస్తే కొద్ది వారాల్లో కొత్త చిగురుతో పాటే కాయ వస్తుంది. ఏడాదికి రెండు మూడు కాపులు తీసుకోవచ్చు. మీరు ఆరోగ్యానికి కూడా మంచిదని రాశారు కదా, బ్లాక్ రాస్ప్‌బెర్రీకి ఆ నలుపు ఇచ్చే ఆంథోసయనిన్లు మల్బరీలోనూ ఉన్నాయి, మన నేరేడు పండులోనూ ఉన్నాయి. అందుకోసమని ప్రత్యేకంగా ఈ ముళ్ల మొక్కతో కష్టపడక్కర్లేదు. పండుని మందులా కాకుండా పండులాగే తినండి.

అయినా మీకు ఆ బోలు పండే కావాలనిపిస్తే, నాకు అర్థమవుతుంది, నాకూ అలాగే అనిపించింది. అప్పుడు ఆ 650 రూపాయలు దాచుకోండి. ఈ మొక్క పిల్లలు పెట్టడం చాలా తేలిక. ఆగస్టులో తీగ కొస సన్నబడి, ఆకులు చిన్నవై ఎలుక తోకలా అయినప్పుడు, దాన్ని వంచి పక్కన ఒక చిన్న కుండీలో మూడు నాలుగు అంగుళాల లోతున తలకిందులుగా పాతి పైన రాయి పెడతాను. ఆరు వారాల్లో వేరు పట్టి కొత్త మొలక పైకి వస్తుంది. అప్పుడు తల్లి తీగని జానెడు ఉంచి కోస్తే అది వేరే మొక్క. ఈ ఏడు నాలుగు కొసలు పాతుతున్నాను. ఒకటి మీదే. సెప్టెంబరు ఆఖరికి ఇక్కడే కబురు పెడతాను, వచ్చి తీసుకెళ్లండి. ఈలోగా డ్రమ్ము కోయించి, మట్టి కలిపి, నెల రోజులు తడుపుతూ ఉంచండి. మీ బోరు నీళ్లు కూడా ఒకసారి గిన్నెలో మరిగించి అడుగున ఏం మిగిలిందో చూసి నాకు రాయండి. వచ్చేటప్పుడు మందపాటి గోనెసంచి తెచ్చుకోండి, ముళ్లు పాలిథిన్ కవరుని చీల్చేస్తాయి.